ఎలుక ఎముకలలో రోము చరిత్ర

మన ధాన్యపు గాదెలను కొల్లగొట్టు నల్ల ఎలుకకు పుట్టినిల్లు దక్షిణాసియాయే. మనుష్యుని గింజలను అంటిపెట్టుకొని అది ఐరోపా చేరినది. ఎప్పుడు, ఎన్ని మార్లు? రాజుల శాసనములలో ఎలుకకు చోటెక్కడిది! సాక్ష్యము త్రవ్వకములలో దొరికిన ఎముకలే చెప్పవలసివచ్చినది.

జీవి వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. ప్రాచీనాస్థులలో కొంత శిథిలమైనను నిలిచియుండును. ఐరోపా, ఉత్తరాఫ్రికాలలో లభించిన 1వ శతాబ్దము మొదలు 17వ శతాబ్దము వరకు గల ఎలుకల ఎముకలనుండి దానిని వెలికిదీసి పోల్చిన పరిశోధన 2022లో ప్రకటితమైనది. నల్ల ఎలుక ఐరోపాలో రెండుమార్లు వ్యాపించినదని దానివలన తేలినది.

మొదటి రాక రోమక సామ్రాజ్య విస్తరణముతో. చలిదేశములలో దానికి పట్టణములు, ధాన్యాగారములే ఆశ్రయము. 6వ శతాబ్దమునుండి ఆ ఆశ్రయము చెదరినది. సామ్రాజ్య పతనమో, 541లో పొడసూపిన ప్లేగో, శీతలించిన వాతావరణమో, ఎలుకలు మాత్రము క్షీణించినవి. రోము పతనము పేరుకు మాత్రమేయని వాదించు చరిత్రకారులకు ఈ ఎముకలు గట్టి ప్రశ్నయే.

మధ్యయుగమున వర్తకము మరల పుంజుకొనగా ఎలుకలును తిరిగివచ్చినవి. కాని అవి పాతవాని సంతతి కావు, వేరొక శాఖ. 18వ శతాబ్దమున గోధుమవన్నె ఎలుక వచ్చి వానినిగూడ చాలవరకు వెళ్లగొట్టినది.