ఒక్క అక్షరం తేడా

హిటాచీ స్టోరేజీ చూసేవాళ్లు నైట్ షిఫ్టులో మాటిమాటికీ కొట్టే కమాండు పెయిర్‌డిస్‌ప్లే. కొట్టగానే తెరమీద వరుసలు దిగుతాయి, ఒక్కో వాల్యూముకు ఒక్కో పొట్టి మాటతో. ‘పెయిర్’ అని ఉంటే టీకి వెళ్లొచ్చు. ‘పీఎస్‌యూఎస్’ అని ఉంటే, స్ప్లిట్ చేసిందెవరని పక్కవాణ్ని అడగాలి. ‘పీఎస్‌యూఈ’ అని కనబడిందా, ఇక ఫోన్లు మొదలు. అసలు వాల్యూమూ దాని నకలూ కలిపితే ఒక జంట: ‘పీఎస్‌యూఎస్’ మనిషి కావాలని విడదీసిన జంట, ‘పీఎస్‌యూఈ’ దానంతటది తెగిన జంట.

ఈ జంటలు పుట్టకముందు రోజంతా పోగైన డేటాను రాత్రి టేపులకెక్కించి, పెట్టెల్లో సర్ది, వ్యానులో వేరే చోటికి పంపేవారు. ఐబీఎం యాక్సెస్ మెథడ్ పేర్లను వెక్కిరిస్తూ మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు దీన్ని ‘పికప్ ట్రక్ యాక్సెస్ మెథడ్’ అనుకునేవారు. 1994లో మసాచుసెట్స్‌కు చెందిన ఈఎంసీ కంపెనీ ఎస్‌ఆర్‌డీఎఫ్ అనే ఏర్పాటు తెచ్చింది. తనలో రాసిన ప్రతిదాన్నీ సిమెట్రిక్స్ డిస్కుల పెట్టె తానే దూరాన ఉన్న మరో సిమెట్రిక్స్‌కు పంపేది. సర్వరుకు ఆ ఊసే తెలియదు. ఐబీఎం పీపీఆర్‌సీ, హిటాచీ ట్రూకాపీ కూడా అదే దశాబ్దపు బిడ్డలు.

అన్నీ బాగుంటే గొడవ లేదు. మధ్యలో లైను తెగితే? పని ఆపాలా, అవతలి కాపీ పాతబడినా ఫర్వాలేదని సాగాలా? ట్రూకాపీలో దీన్ని జంట కట్టేటప్పుడే చెప్పాలి: ఫెన్స్ లెవెల్ ‘డేటా’ అయితే రాత ఆగుతుంది, ‘నెవర్’ అయితే సాగుతుంది. సాగితే, ఎక్కడెక్కడ మార్పు జరిగిందో బిట్‌మ్యాప్‌లో గుర్తు పడుతుంది. 256 కేబీ ముక్కకు ఒక బిట్ చొప్పున లెక్కేస్తే 1 టీబీ వాల్యూముకు ఆ చిట్టా అంతా కలిపి 512 కేబీ. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఈ చిన్న చిట్టాయే. ఇది లేకపోతే తెగిన ప్రతిసారీ మొత్తం మొదటినుంచి కాపీ చేసుకోవాలి. ఉంది కాబట్టి తెగడానికి భయం పోయింది, కావాలనే విడదీయడం అలవాటైంది. ఈఎంసీ టైమ్‌ఫైండర్‌లో ఒకే చోట ఉన్న జంటను స్ప్లిట్ చేసి బ్యాకప్ తీసుకునేవారు. 2000 సంవత్సరం తేదీల భయం పట్టుకున్నప్పుడు అసలు డేటా నకలు మీదే పరీక్షలు చేసుకోగలిగారు.

అలాగని తిరిగి కలపడం తేలిక కాదు. రీసింక్ నడుస్తున్నంతసేపూ అవతలి కాపీ అటు పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు: బిట్‌మ్యాప్‌కు మార్పు ఎక్కడో తెలుసు గానీ ఏది ముందో తెలియదు. ఆ గంటలోనే అసలు సైటు తగలబడితే చేతిలో మిగిలేది చెత్త. అందుకే ముదురు చేతులు రీసింక్ కొట్టేముందు అవతలి వాల్యూముకు అక్కడే ఇంకో నకలు తీసి పెట్టుకుంటాయి. కుర్రాళ్లు ఒకసారి చేయి కాలాక నేర్చుకుంటారు.

ఇంకో చిక్కు: జంటలన్నీ ఒకే క్షణాన తెగవు. డేటాబేస్ లాగ్ ఉన్న జంట ముందే తెగి, డేటా ఉన్నది ఇంకో రెండు సెకన్లు సాగిందంటే అవతల ఆ రెంటికీ పొంతన కుదరదు. ఒకటి తెగగానే మిగతావాటినీ అక్కడే గడ్డకట్టించే ‘ఫ్రీజ్’ పద్ధతిని ఐబీఎం జీడీపీఎస్ మెయిన్‌ఫ్రేముల్లో నడిపింది. కన్సిస్టెన్సీ గ్రూపులు వచ్చిందీ ఈ బాధతోనే.

లైను తెగినా పని సాగాలన్న ఏర్పాటూ ఒక్కోసారి వమ్మవుతుంది. 2021 ఫిబ్రవరి 24న ముంబైలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ ట్రేడింగు 11:40కి ఆగింది. అసలు సైటుకూ, ఆపదలో ఆదుకోవాల్సిన దగ్గర్లోని డీఆర్ సైటుకూ మధ్య టెలికాం లింకులు నిలకడ తప్పాయి. ఆ దారి పొడవునా జరిగిన తవ్వకాలు, నిర్మాణ పనులే ముఖ్య కారణమని ఎక్స్ఛేంజీ తర్వాత చెప్పింది. లింకు పోయినా అసలు సైటులో పని సాగాలన్నది ఏర్పాటు. కానీ అక్కడి స్టోరేజీ సర్వర్లకే అందకుండా పోయింది. తిరిగి ట్రేడింగు మొదలయ్యేసరికి మధ్యాహ్నం 3:45. ఆ రోజు 5 గంటలదాకా నడిపారు.