రంగుల జీబ్రా క్రాసింగ్: వేయడానికి ఒక రోజు, కాపాడుకోవడానికి ఏళ్లు

బడి విడిచే వేళ, జుమా నమాజు ముగిసిన వేళ, రంజాన్ సాయంత్రాల్లో రోడ్డు దాటడం పిల్లలకు, పెద్దవాళ్లకు ఓ పరీక్షే. చాలాచోట్ల జీబ్రా గీతలు ఉన్నాయో లేవో తెలియనంతగా అరిగిపోయి ఉంటాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు నడిచి వెళ్తూ ప్రాణం పోగొట్టుకున్నవారే.

రోడ్డు దాటే చోటును స్థానికులే రంగులతో తీర్చిదిద్దుకోవడం కొన్నేళ్లుగా ప్రపంచంలోని అనేక నగరాల్లో కనిపిస్తోంది. చూడటానికి బాగుంటుంది. కానీ సరిగా చేయకపోతే మేలు కంటే కీడే ఎక్కువ.

ఎక్కడ మొదలైంది?

నలుపు తెలుపు పట్టీల జీబ్రా క్రాసింగ్ 1951లో బ్రిటన్‌లో అమల్లోకి వచ్చింది. వాహనదారుడికి దూరం నుంచే కనిపించాలన్నదే దాని ఉద్దేశం.

రోడ్డును బస్తీవాసులే అలంకరించుకోవడానికి పేరొందిన ఉదాహరణ అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం. 1996లో అక్కడి సెల్‌వుడ్ ప్రాంతంలో ఇరుగుపొరుగువారు కలిసి ఓ చిన్న కూడలి మధ్యలో బొమ్మ వేశారు. మొదట అధికారులు అభ్యంతరం చెప్పారు. తర్వాత నగరపాలక మండలే ఇలాంటి పనులకు అనుమతి ఇచ్చే నిబంధనలు తెచ్చింది. రంగు వెలిసినప్పుడల్లా ఇరుగుపొరుగువారు మళ్లీ చేరి దిద్దుకోవడం అక్కడ ఆనవాయితీ అయింది.

మన దగ్గర 2016లో అహ్మదాబాద్‌లో ఓ తల్లి, కూతురు వేసిన త్రీడీ జీబ్రా క్రాసింగ్‌పై దేశమంతా చర్చ జరిగింది. రోడ్డుపై దిమ్మెలు తేలుతున్నట్లు కనిపించే బొమ్మ అది.

ప్రమాదాలు తగ్గుతాయా?

బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రొపీస్ సంస్థ చేయించిన అధ్యయనం 2022లో వెలువడింది. అమెరికాలో రంగులు వేసిన 17 చోట్ల ముందూ తర్వాతా ప్రమాదాల లెక్కలను పోల్చారు. పాదచారులు, సైకిల్‌వాళ్లు చిక్కుకున్న ప్రమాదాలు 50 శాతం, మొత్తం ప్రమాదాల రేటు 17 శాతం తగ్గినట్లు తేలింది. అయితే ఇది కొద్దిచోట్లే చూసిన అధ్యయనం. రంగు వేస్తే చాలు, ప్రమాదాలు ఆగిపోతాయని దీన్నిబట్టి అనుకోకూడదు.

రెండో వైపు లండన్ అనుభవం ఉంది. అక్కడ తెల్లపట్టీల స్థానంలో రంగురంగుల డిజైన్లు వేసినప్పుడు వికలాంగుల సంఘాలు 2021లో మేయర్‌కు బహిరంగ లేఖ రాశాయి. చూపు తక్కువగా ఉన్నవారికి, మతిమరుపు వ్యాధి ఉన్నవారికి అది దాటే చోటని అర్థం కావడం లేదని, అంధులకు దారి చూపే కుక్కలు కూడా తికమకపడుతున్నాయని చెప్పాయి. దాంతో నగర రవాణా సంస్థ తన రోడ్లపై కొత్తవి వేయడం ఆపింది.

ఈ రెండు అనుభవాలు కలిపి చూస్తే ఒక్క సూత్రం తేలుతుంది. తెల్లపట్టీల జోలికి పోకూడదు. బొమ్మ వాటికి పక్కన ఉండాలి, వాటిపైన కాదు.

వేసే ముందు

- అనుమతి: రోడ్డు ఎవరిదో ముందు తెలుసుకోవాలి. బస్తీ రోడ్డయితే మున్సిపాలిటీ, పెద్ద రోడ్డయితే ఆర్ అండ్ బీ, జాతీయ రహదారి అయితే కేంద్ర సంస్థలు చూస్తాయి. ట్రాఫిక్ పోలీసులకూ చెప్పాలి. నోటిమాట చాలదు, కాగితం ఉండాలి. అమెరికాలోని ఫ్లోరిడాలో 2025లో రాష్ట్ర రవాణా శాఖ ఆదేశాలతో పలు నగరాల్లో రోడ్లపై బొమ్మలు చెరిపేశారు. ఏళ్ల కష్టం ఒక్క ఆదేశంతో పోయింది.
- చోటు: వేగంగా వాహనాలు వెళ్లే వెడల్పు రోడ్డు ఇందుకు పనికిరాదు. బడి ముందు, వాహనాలు నెమ్మదిగా వెళ్లే వీధి మేలు. అక్కడ స్పీడ్ బ్రేకర్, వీధి దీపం లేకపోతే ముందు అవి అడగాలి, రంగు తర్వాత.
- ఇరుగుపొరుగు సమ్మతి: దుకాణదారులు, ఆటోవాళ్లు, బడి టీచర్లు, అన్ని మతాల కుటుంబాలనూ కూర్చోబెట్టి మాట్లాడాలి. కర్ర పట్టుకుని నడిచేవారిని, చూపు తక్కువవారిని తప్పకుండా పిలవాలి.
- డిజైన్: తెలుగు వాకిళ్లలో ముగ్గు, పాత కట్టడాలపై జాలీ, తారల అల్లికలు నేలకు చక్కగా నప్పుతాయి. కాళ్ల కింద, చక్రాల కింద పడే చోటు కాబట్టి దైవనామాలు, ఏ మతానికైనా పవిత్రమైన గుర్తులు, జాతీయ జెండా, మనుషుల ముఖాలు వేయకూడదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చలను సిగ్నల్ రంగులని పొరబడేలా వాడకూడదు. గుంటలా, గోడలా భ్రమ కలిగించే బొమ్మలు వద్దు. బైకువాళ్లు ఉలిక్కిపడి సడన్ బ్రేకు వేస్తారు.

రంగు, కొలత, వేళ

ఇంటి గోడకు వేసే పెయింట్ రోడ్డుపై నిలవదు, పైగా వానలో జారుతుంది. రోడ్డు మార్కింగ్ పెయింటే కొనాలి. జారకుండా అందులో సన్నటి ఇసుకలాంటి పొడి కలపాలి లేదా తడిగా ఉన్నప్పుడే పైన చల్లాలి. రాత్రి మెరిసేందుకు తెల్లపట్టీలపై గాజుపూసల పొడి వేస్తారు. థర్మోప్లాస్టిక్ ఎక్కువ కాలం ఉంటుంది. కానీ దాన్ని దాదాపు 200 డిగ్రీల వేడిలో కరిగించి పోయాలి. అది అనుభవం ఉన్న కాంట్రాక్టరు పని, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

ఏడు మీటర్ల వెడల్పు రోడ్డులో మూడు మీటర్ల క్రాసింగ్ అంటే 21 చదరపు మీటర్లు. దానికి పక్కన బొమ్మ వేసే చోటు కలుపుకుని ధర అడగాలి. వానాకాలం వద్దు. తారు పూర్తిగా ఆరి ఉండాలి. కొత్తగా వేసిన రోడ్డయితే కొన్ని వారాలు ఆగాలి. ఆదివారం తెల్లవారుజామున, పోలీసులు రోడ్డు మూసి ఇచ్చాకే పని మొదలుపెట్టాలి. పిల్లలు సుద్దముక్కతో గీతలు గీయొచ్చు, లోపల రంగు నింపొచ్చు. రంగు పూర్తిగా ఆరేదాకా వాహనాలను వదలొద్దు.

అసలు పని తర్వాతే

ప్రారంభోత్సవం, ఫొటోలు అయ్యాక చాలాచోట్ల ఆ బొమ్మను పట్టించుకునేవారుండరు. చక్రాలు నడిచే రెండు జాడల్లో రంగు ముందు పోతుంది. సగం చెరిగిన బొమ్మ మధ్యలో తెల్లపట్టీ ఏదో తెలియదు. అలాంటి చోట దాటడం ఏమీ వేయని రోడ్డు కంటే ప్రమాదం, ఎందుకంటే పిల్లలు దాన్ని నమ్ముకుని అడుగు వేస్తారు.

అందుకే మొదటి రోజే ఇవి రాసుకోవాలి:

- రంగుల కంపెనీ పేరు, షేడ్ నంబరు. మిగిలిన డబ్బాలు ఎవరి దగ్గర ఉన్నాయి.
- నెలకోసారి ఊడ్చి కడగడం, నూనె మరకలు తీయడం ఎవరి వంతు.
- వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చూసి, అరిగినచోట దిద్దడం.
- రాత్రి వాహనం లైట్ల వెలుగులో తెల్లపట్టీలు కనిపిస్తున్నాయో లేదో పరీక్షించడం.
- నీళ్ల పైపు, కేబుల్ కోసం రోడ్డు తవ్వితే ఎవరు పూడ్చి, ఎవరు గీతలు మళ్లీ వేయాలో అనుమతి పత్రంలోనే రాయించుకోవడం.
- మొత్తం డబ్బులో కొంత భాగం రెండో ఏడాది కోసం ముందే పక్కన పెట్టడం.

దిద్దే స్తోమత లేనిరోజు బొమ్మను పూర్తిగా చెరిపేసి, తెల్లపట్టీలు మాత్రం కొత్తగా వేయించాలి. అందులో నామోషీ ఏమీ లేదు. బొమ్మ లేకపోయినా బస్తీకి నష్టం లేదు. కానీ బడి నుంచి వచ్చే పిల్లకు ఎక్కడ దాటాలో, వచ్చే డ్రైవరుకు ఎక్కడ ఆగాలో కనిపించి తీరాలి.