గల్ఫ్ ఇండ్లలో సబ్ర్

1973లో చమురు ధరలు పెరిగిన పిదప గల్ఫ్ దేశాలకు పెద్ద ఎత్తున కూలీలు అవసరమైనారు. నాటి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలనుండి హిందువులూ ముస్లిములూ బయలుదేరారు. మస్కట్ పోయినా, కువైట్ పోయినా ఊరివారికి అది 'దుబాయి'యే. ఈ వలసను గూర్చి వ్రాసేటప్పుడు మనం డ్రాఫ్టుల లెక్క చెబుతాము. ఇంటివద్ద మిగిలిన పిల్లల సంగతి అరుదుగా ఎత్తుతాము.

వీసా కోసం తెచ్చిన అప్పు ముందు వచ్చేది, జీతం తరువాత. మొదటి డ్రాఫ్టు అందేవరకు మిత్తి పెరుగుతూనే ఉండేది. తల్లి చాట ముందు కూర్చుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేది. తండ్రి గొంతు క్యాసెట్టులో వినబడేది. ఏజెంట్లను అదుపు చేయుటకు 1983లో వలసల చట్టం వచ్చినది గాని, మోసాలు ఆగలేదు. 1990 ఆగస్టులో కువైట్ ఆక్రమణకు గురైనప్పుడు అనేక ఇండ్లు రేడియో చుట్టూ చేరాయి.

ఇటువంటి ఇంటి బిడ్డకు మనం 'సబ్ర్ చెయ్యి' అంటాము. అరబీలో ఆ పదానికి మూలార్థం పట్టి ఉంచుట, నిగ్రహించుట. ఏడవకుండుట కాదు. కుమారుని ఎడబాటుకు కన్నులు తెల్లబారునంతగా దుఃఖించిన యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) నోటనే ఖుర్ఆన్ సుందరమైన సబ్ర్‌ను పలికించినది.

నిగ్రహం ఒంటరిగా అలవడదు. అమెరికాకు చెందిన హవాయి దీవులలో ఒకటైన కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు పరిశీలించినది. పేదరికం, కలహాలు వంటి అనేక కష్టాల మధ్య పెరిగినవారిలో సుమారు మూడవ వంతు మంది సమర్థులైన పెద్దలైనారు. వారికి కన్నవారు కాకపోయినా, అవ్వయో తాతయో మరొకరో, నమ్మదగిన ఒక పెద్ద అండగా ఉండుట ముఖ్య కారణాలలో ఒకటి.

మన ఇండ్లలో ఆ స్థానం తరచు దాదీది, నానీది, మేనమామది. కాని దాదీ ఒడి మిత్తి తీర్చలేదు. అప్పులవాడు గడపలో కూర్చున్న ఇంట తల్లి విసుగు మొదట పడేది బిడ్డపైనే. మన ప్రసంగాలలో సబ్ర్ వినబడినంతగా ఖర్జె హసన, అనగా వడ్డీలేని అప్పు, వినబడదు. నా దృష్టిలో ఆ ఇండ్లకు రెండవదే ముందు అవసరం.

తండ్రి రెండు మూడేండ్లకు సెలవుపై వచ్చేవాడు. పసివాడు దాదీ కొంగు చాటుకు పోయేవాడు. బొమ్మలతో, మిఠాయితో మెల్లగా చేరదీసి, వాడు దగ్గరకు వచ్చి కూర్చునే వేళకు సెలవు అయిపోయేది.