అనంతగిరి అతిథులు

అనంతగిరి అనగానే కోస్తా మిత్రులకు అరకు దారిలోని కొండలు, కాఫీ తోటలు, బొర్రా గుహలు మనసులో మెదలుతాయి. నేను చెప్పబోయేది ఆ అనంతగిరిని గురించి కాదు. హైదరాబాదుకు పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాదు పట్టణాన్ని ఆనుకొని మరొక అనంతగిరి ఉన్నది. ఎత్తులో హిమాలయాలతో పోటీపడేది కాదు. దానిమీద పేరుమోసిన కోట లేదు, ఆ లోయలో చరిత్ర గతిని మార్చిన యుద్ధం జరగలేదు. అందుచేత చరిత్ర గ్రంథాలలో ఈ కొండకు దక్కిన చోటు స్వల్పం. అయినా దీనికొక చరిత్ర ఉన్నది. అది ఏలినవారి చరిత్ర కాదు. వచ్చి, కొన్నాళ్ళు విడిది చేసి, వెళ్ళిపోయినవారి చరిత్ర.

‘అతిథి’ అనే మాటకు మన పెద్దలు ఒక వ్యుత్పత్తి చెబుతారు. తిథి లేనివాడు అతిథి. ఫలానా రోజున వస్తానని చెప్పకుండా వచ్చేవాడు, ఫలానా రోజున పోతానని చెప్పలేనివాడు. పిలిస్తే వచ్చేవాడు అభ్యాగతుడు. బడిలో ఈ భేదం చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు. అనంతగిరికి వచ్చినవారిని తలచుకొంటే మాత్రం ఈ భేదం ఎంత లోతైనదో తెలుస్తుంది. తిథి చూసుకొని వచ్చినవారూ ఈ కొండ ఎక్కారు, తిథి ఎరుగనివారూ ఎక్కారు.

స్థలపురాణం ప్రకారం ఈ కొండకు వచ్చిన తొలి అతిథులలో ఒకడు నిద్రపోవడానికి వచ్చాడు. అతడు మాంధాత కుమారుడైన ముచుకుందుడు. దేవతల పక్షాన చిరకాలం యుద్ధం చేసి అలసిపోయి, వరం కోరుకొమ్మంటే సుఖనిద్రను కోరుకొన్నాడు. తన నిద్ర చెరచినవాడు భస్మమైపోవాలన్నది ఆ వరానికి తోక. భాగవతం దశమస్కంధంలో కాలయవనుణ్ణి శ్రీకృష్ణుడు ఆ గుహలోనికే నడిపించి, ముచుకుందుని చూపుతో దహింపజేసిన కథ చదువరులకు తెలిసినదే. ఆ గుహ ఇక్కడిదేనని స్థానికుల నమ్మకం. ముచుకుందుడు స్వామి పాదాలు కడిగిన నీరే ముచుకుందా నది అయినదనీ, అదే వాడుకలో మూసీ అయినదనీ చెబుతారు. ఇదే కథను తమదిగా చెప్పుకొనే క్షేత్రాలు దేశంలో మరికొన్ని ఉన్నాయి. అది పురాణాలకు సహజమే. ఇక్కడ మాత్రం ఆ కథకు ఒక ప్రత్యక్ష సాక్ష్యం పారుతూ ఉన్నది. మూసీ పుట్టింది ఈ కొండలలోనే.

నీటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కొండ పైపొర చిల్లులు గల ఎర్రరాయి, అంటే లాటరైటు. దాని అడుగున దక్కను పీఠభూమికి ఆధారమైన నల్లరాయి. పైపొర వానను పీల్చుకొంటుంది, అడుగుపొర దానిని అంత సులువుగా దిగనీయదు. పీల్చిన నీరు పక్కలనుంచి ఊటగా బయటికి వస్తుంది. అందుకే వాన వెలిసిన చాలా రోజులకు కూడా ఇక్కడి వాగులలో తడి ఉంటుంది. ఈ ఎత్తుననే నీళ్ళు రెండుగా చీలుతాయి. తూర్పుకు దిగినవి మూసీ అయి గోల్కొండ పక్కగా, 1591లో వెలసిన హైదరాబాదు నడుమగా సాగి, సుమారు 240 కిలోమీటర్లు నడిచి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. పడమరకు దిగినవి కాగ్నా అయి తాండూరు మీదుగా కన్నడదేశం చేరి, ఒకనాటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం (నేటి మల్ఖేడ్) ఒడ్డును ఒరసి, భీమానదిలో పడతాయి. భీమ రాయచూరు ప్రాంతంలో కృష్ణను చేరుతుంది. అంటే కొండమీద విడిపోయిన రెండు చినుకులలో ఒకటి అమోఘవర్షుని రాజధానిని, మరొకటి కుతుబ్‌షాహీల రాజధానిని చూసి, తిరిగి వాడపల్లి దగ్గర కలుసుకొంటాయన్నమాట. ఒక కొండ రెండు రాజధానులకు నీరు పంపడం సామాన్యమైన విషయమా!

ఇక తిథి గల అతిథులు. కొండమీది అనంత పద్మనాభస్వామి ఇక్కడ సాలగ్రామ రూపంలో కొలువై ఉన్నాడని, మార్కండేయ మహర్షి తపస్సుకు ప్రసన్నుడై వెలిశాడని ప్రతీతి. ఇప్పటి ఆలయాన్ని సుమారు నాలుగు శతాబ్దాల క్రితం ఒక నవాబు కట్టించాడని కూడా చెబుతారు. స్వామి హిందువులకు, గుడి నవాబు పేర చెప్పుకొనడం ఈ నేలలో వింత కాదు. ఆషాఢంలో తొలి ఏకాదశికి చిన్న జాతర, కార్తీకంలో పెద్ద జాతర. బండ్లు కట్టుకొని, సద్దిమూటలు పట్టుకొని, భవనాశిని గుండంలో స్నానం చేసి, చెట్లకిందనో సత్రాలలోనో వంటలు వండుకొని తిని, రెండు మూడు రోజులుండి వెళ్ళేవారు. జాతరల కాలాన్ని గమనించండి. తొలి ఏకాదశి నాటికి మొదటి వానలు పడి విత్తనం భూమిలో పడుతుంది. కార్తీకానికి వానకాలపు పంటలు ఇంటికి వస్తూ ఉంటాయి, కంది ఇంకా పూతమీద ఉంటుంది. అంటే సేద్యగాడికి ఊపిరి తీసుకొనే వ్యవధి దొరికిన రోజులలోనే దేవుడు పిలిచాడు. మన పంచాంగాన్ని జ్యోతిష్కులతోబాటు రైతులు కూడా రాశారని నాకు అనిపిస్తుంది.

1874లో వాడీ–సికింద్రాబాదు రైలు మార్గం ఆరంభమైన తరువాత కొండకు కొత్త దారి ఏర్పడింది. వికారాబాదు అన్న పేరు, ఫలక్‌నుమా సౌధాన్ని నిర్మించి 1890లలో నిజాం రాజ్యానికి ప్రధానిగా పనిచేసిన పైగా ప్రభువు సర్ వికారుల్ ఉమ్రా పేరున వచ్చింది. అదే దారిలో ముందుకు పోతే తాండూరు. అక్కడి నీలి, పసుపు వన్నెల నాపబండలు మన ఇళ్ళలో ఎన్నో తరాలుగా కాళ్ళకింద చల్లగా పరచుకొని ఉన్నాయి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు రుచి చెప్పనక్కరలేదు. బండను, కందిని పట్నానికి మోసిన రైలే పట్నవాసిని కొండకు మోసింది.

ఆ రైలు దిగినవారిలో ఒక తెగ అతిథులు వేరు. వారికి తిథి లేదు. నిజాం పాలన చివరి దశలో ఈ కొండమీద క్షయరోగుల కోసం ఒక శానిటోరియం వెలసింది. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు గాని, దానిని చంపే మందు దొరకడానికి మరి అరవై యేళ్ళు పట్టింది. ఈలోగా లోకమంతటా ఉన్న వైద్యం ఒక్కటే: మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. యూరపులో ఆల్ప్స్ కొండలు, మనకు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, హైదరాబాదు రాజ్యానికి అనంతగిరి. మన వైద్యశాస్త్రం ఈ జబ్బును రాజయక్ష్మ అన్నది. దక్షుని శాపంవల్ల చంద్రునికే వచ్చిందట. క్షయించేవాడు ‘అనంతుని’ కొండ ఎక్కడంలో ఒక విచిత్రమైన సంగతి ఉన్నది. అంతం కళ్ళెదుట కనబడుతున్నవాడు అంతం లేనివాని నీడకు చేరాడు.

మా చిన్నతనంలో మా వైపు ‘ఫలానాయన అనంతగిరికి పోయిండట’ అని గొంతు తగ్గించి చెప్పుకొనేవారు. అది యాత్రకు పోవడం కాదని పిల్లలకు కూడా అర్థమయ్యేది. మాకు వరుసకు పెద్దనాయన ఒకాయన అలా వెళ్ళి, దాదాపు సంవత్సరం తరువాత నయమై తిరిగివచ్చాడు. వచ్చినా ఆయన చెంబు, కంచం చాలాకాలం వేరుగానే ఉండేవి. అక్కడెట్ల ఉంటుందని అడిగితే, “గాలి మంచిదే బిడ్డా. తొవ్వ చూసుడే కష్టం” అనేవాడు. ఎవరైనా చూడటానికి వస్తారేమోనని రోజంతా తొవ్వ చూసేవాడట. ఆ ఏడాదిలో ఇంటివారు వెళ్ళింది రెండుసార్లు.

చరిత్ర ఈ తొవ్వ చూడటానికి ఒక ముగింపు పలికింది. 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒక ప్రశ్న వేసింది: శానిటోరియంలో ఉంచి మందు ఇవ్వడం, ఇరుకైన పేదయింట ఉంచి మందు ఇవ్వడం, ఈ రెండింటిలో ఏది మేలు? 1959లో ప్రకటించిన ఫలితాలు లోకాన్ని ఆశ్చర్యపరచాయి. తిండి అంతంతమాత్రమైన ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంతే నయమైంది. వారి ఇంటివారికి జబ్బు అంటుకొనడం కూడా ఎక్కువ కాలేదు. నయం చేసింది గాలి కాదు, మందు. మన గడ్డమీద జరిగిన ఆ పరిశోధన ప్రపంచంలోని శానిటోరియాల యుగానికి తెరదించింది. అయితే అంతకు ముందు ఈ కొండకు చేరినవారి ఒంటరితనం వృథా అని నేను అనను. నాటికి తెలిసిన మేలు అదే. మందు లేనికాలంలో ఈ చెట్లు వారికి నీడనిచ్చాయి.

నేటి అతిథులు శని, ఆదివారాలవారు. అటవీమార్గపు మలుపులలో కార్లు బారులు తీరుతాయి. పర్యాటకశాఖవారి హరిత విడిదిలో, చుట్టుపక్కల పుట్టుకొచ్చిన రిసార్టులలో గదులు దొరకవు. వానకాలంలో మొగులు చెట్లమీదికి దిగివస్తే చూడటానికి, కాల్చిన మక్కకంకి తింటూ నిలబడటానికి వస్తారు. కోటపల్లి జలాశయంలో పడవ నడుపుతారు. ఆశ్వయుజంలో దారిపొడుగునా సీతాఫలాల గంపలు, పుష్యంలో పొగమంచు, ఫాల్గుణంలో ఆకురాలిన అడవిలో మోదుగుపూల మంట. రావలసిందే, చూడవలసిందే. కాని విడిచిపోయిన సీసాలు, సంచులు వాగులో పడి తూర్పుకు పోతే గండిపేటకు, పడమరకు పోతే తాండూరుకు చేరతాయన్న ఎరుక ఉండాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్న తరువాతనే, 1920 నాటికి గండిపేట చెరువు కట్టి ఆ నీటినే నగరం తాగడం మొదలుపెట్టింది. కొండమీద చేసిన పని పట్నంలో తెలుస్తుందనడానికి ఇంతకన్న నిదర్శనం వద్దు.

ఇంకొక అతిథి కూడా వచ్చాడు. జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ రేడియో కేంద్రానికి, ఈ కొండలకు చేరువలోని దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల అటవీభూమి దానికి ఇచ్చారు. తిరునెల్వేలి జిల్లాలోని కేంద్రం తరువాత ఇటువంటిది దేశంలో ఇది రెండవది. దేశరక్షణ అవసరమైనదే. అడవి పోతే ఊట ఏమౌతుందని స్థానికులు, పర్యావరణవేత్తలు అడిగిన ప్రశ్న కూడా అవసరమైనదే. నరికిన చెట్టుకు బదులు మరొకచోట చెట్టు నాటవచ్చు. నది పుట్టిన చోటును మరొకచోట నాటలేము.

భక్తుడు, రోగి, విహారి, సైనికుడు. ఎవరు వచ్చినా ఈ కొండ కాదనలేదు. ఆతిథ్యధర్మం గృహస్థుకే చెప్పారుగాని అతిథికి లేదనుకొనరాదు. పెట్టినది తిని, ఇల్లు చెడకుండా లేచివెళ్ళడం అతిథి ధర్మం. మిత్రులారా, మీరు ఈసారి అనంతగిరికి వెళితే స్వామిని దర్శించండి, మక్కకంకి తినండి, ఆ పాత ఆసుపత్రి వైపు కూడా ఒకసారి చూడండి. అక్కడ తొవ్వ చూసినవారిని ఒక్క నిమిషం తలచుకోండి.