ఒక్క పరుగు ధర

ఇంట్లో క్రికెట్ చూస్తున్న మగవాళ్ళని స్కోరెంతని అడిగితే రెండొందలనో మూడొందలనో చెబుతారు. అమెరికావాళ్ళు ప్రాణం పెట్టే బేస్‌బాల్ అలాకాదు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆడి ఒక జట్టు నాలుగైదు పరుగులు చేస్తే అదే చాలు. ఒక్క పరుగైనా లేకుండా ఇంటిదారి పట్టే రోజులూ ఉంటాయి. అక్కడ పరుగంటే పెళ్ళినాటి పట్టుచీర. రోజూ బయటికి రాదు.

అలాంటి ఆటలో కూడా మరీ తక్కువ పరుగులు చేసే జట్టుమీద ఎవరైనా డబ్బు కాస్తారా? కాయరు. 1906లో చికాగోలో కాయనివాళ్ళే లబోదిబోమన్నారు.

ఆ ఊళ్ళో రెండు పెద్ద జట్లు, కబ్స్, వైట్ సాక్స్. ఆ ఏడు కబ్స్ 116 ఆటలు గెలిచి 36 మాత్రమే ఓడారు. వైట్ సాక్స్ సంగతి చూడండి. వందసార్లు బ్యాటు పట్టుకుంటే సరైన దెబ్బ పడింది 23 సార్లే. వాళ్ళ లీగులో అంతకన్నా తక్కువ ఎవరిదీ లేదు. ఏడాది మొత్తానికి హోమ్ రన్స్ ఏడంటే ఏడు. కొట్టడం రాకుండానే గెలిచే వింత మనుషులని అర్థం వచ్చేలా పత్రికలవాళ్ళు 'హిట్‌లెస్ వండర్స్' అని పేరు పెట్టారు. వాళ్ళ బలమంతా బంతి విసిరేవాళ్ళలో ఉంది. ఎడ్ వాల్ష్ అనే పిచర్ బంతికి ఉమ్మి పూసి మరీ విసిరేవాడు. ముఖం చిట్లించకండి, ఆ రోజుల్లో అది నిబంధనలకి విరుద్ధం కాదు!

ఈ రెండు జట్లూ వరల్డ్ సిరీస్‌లో తలపడ్డాయి. పందెంరాయుళ్ళంతా కబ్స్ వైపే. గెలిచింది మాత్రం వైట్ సాక్స్, నాలుగు ఆటలు రెండింటికి. జట్టులో ఒక ముఖ్యుడికి జబ్బు చేస్తే జార్జి రోహ్ అనే అదనపు ఆటగాణ్ణి దింపారు. మూడో ఆటలో అతను కొట్టిన ఒక్క దెబ్బకి మూడు పరుగులొచ్చాయి. ఆరోజు మొత్తం స్కోరే 3-0!

నేను చదివింది బి.ఏ., లెక్కలంటే ఆమడదూరం. అయినా దీని కిటుకు వంటింట్లోనే దొరుకుతుంది. బస్తాడు బియ్యంలోంచి గుప్పెడు పోతే ఎవరికీ తెలియదు. సోలెడు బియ్యంలోంచి గుప్పెడు పోతే ఒకరికి అన్నం చాలదు. పరుగులు వందల్లో ఉంటే ఒక్కడి చెయ్యి అందులో కలిసిపోతుంది. నాలుగైదే అయితే ఒక్కడి చెయ్యే జాతకం మార్చేస్తుంది. అందుకే బలహీనుడు బలవంతుణ్ణి పడగొట్టగలడు.

ఇందులో ఇంకో అర్థం కూడా దాగుంది. ఆట మార్చడానికి ఒక్క చెయ్యి చాలినప్పుడు, దాన్ని కొనడానికీ ఎవడో ఒకడు వస్తాడు.

వచ్చాడు. పదమూడేళ్ళ తర్వాత, 1919లో, అదే వైట్ సాక్స్ దగ్గరికి. అప్పటికి వాళ్ళు బలహీనులు కారు. సిన్సినాటి రెడ్స్‌తో వరల్డ్ సిరీస్‌లో వాళ్ళదే గెలుపని ఊరంతా అనుకుంది. జూదగాళ్ళు మాత్రం ముందే బేరం కుదుర్చుకున్నారు. ఎడ్డీ సికాట్ అనే పిచర్‌కి మొదటి ఆటకి ముందే పదివేల డాలర్లు ముట్టాయి. నాలుగో ఆటలో రెడ్స్ 2-0తో గెలిచారు. ఆ రెండు పరుగులూ అయిదో ఇన్నింగ్స్‌లోనే వచ్చాయి. సికాట్ రెండు పొరపాట్లు చేసిందీ అప్పుడే. సిరీస్ అయిదు ఆటలు మూడింటికి రెడ్స్ పరమైంది.

అదే జట్టులో డికీ కెర్ అనే పొట్టి కుర్రాడు నిజాయితీగా బంతి విసిరి రెండు ఆటలు గెలిపించాడు. పక్కవాళ్ళు ఓడిపోవడానికే నిలబడ్డారని తెలియక ప్రాణం పెట్టి ఆడాడని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

గుట్టు 1920లో బయటపడింది. జో జాక్సన్ అనే గొప్ప ఆటగాడికి అయిదువేలు అందాయి. అతనికి చదవడం, రాయడం రాదు. డబ్బు సంగతి తెలిసి తన భార్య కేటీ ఇది ఘోరమైన పని అందని గ్రాండ్ జ్యూరీ ముందు తనే చెప్పుకున్నాడు. ఆ ఇంట్లో అక్షరం వచ్చినది ఆవిడకే, తప్పని పైకి అన్నదీ ఆవిడే. 1921లో కోర్టు విచారణకి నిలబడ్డ ఆటగాళ్ళని నిర్దోషులుగా వదిలేసింది. మర్నాడే కమిషనర్ లాండిస్ వాళ్ళని జీవితాంతం ఆటకి దూరం చేశాడు. అందులో బక్ వీవర్ పైసా పుచ్చుకోలేదు. కుట్ర తెలిసీ నోరు విప్పలేదు, అదే అతని నేరం. జాక్సన్ 1951లో పోయాడు. అతని మీది నిషేధం ఎత్తేసింది 2025లో!

ఇప్పుడు పందేల తీరు మారింది. ఎవరు గెలుస్తారన్నది ఒక్కటే కాదు, రెండు జట్లూ కలిపి ఎనిమిదిన్నర పరుగులకి తక్కువ చేస్తాయా, ఎక్కువ చేస్తాయా అని కూడా కాస్తారు. పరుగులు రాని జట్లుంటే 'తక్కువ' మీద కాసేవాళ్ళకి హుషారు. మామూలుగా వంద డాలర్లు గెలవాలంటే 110 ఒడ్డాలి. అంటే నూటికి యాభై రెండుసార్లకి పైగా నెగ్గితేగానీ పెట్టింది తిరిగి రాదు. మిగిలేది బుకీకే. 2018లో అమెరికా సుప్రీంకోర్టు దారి తెరిచాక చాలా రాష్ట్రాల్లో ఇది చట్టబద్ధమైన వ్యాపారమైంది.

పందెం చిన్నదై చిన్నదై చివరికి ఒక్క బంతి దాకా వచ్చింది. 2025 నవంబరులో క్లీవ్‌లాండ్ జట్టు పిచర్లు ఇద్దరు బంతులు ఎలా వేయాలో జూదగాళ్ళతో మాట్లాడుకుని డబ్బు పుచ్చుకున్నారని కేసు పెట్టారు. వాళ్ళు కాదన్నారు. వెంటనే ఒక్క బంతిమీద పందెం రెండొందల డాలర్లు దాటకూడదని కట్టడి చేశారు.

జార్జి రోహ్ 1907 తర్వాత పెద్ద లీగుల్లో కనిపించలేదు. అతని ఒక్క దెబ్బతో ఎందరి జేబులో ఖాళీ అయ్యాయి, కానీ దాన్ని ఎవరూ కొనలేదు. సికాట్ రెండు పొరపాట్లకి మాత్రం ధర ముందే పలికింది.