రమాబాయి సంతోషాన్ని ఎట్లా చదవాలి?

పండిత రమాబాయి (1858–1922) గురించి రాసేటప్పుడు మనం సాధారణంగా 1889 దగ్గర ఆగిపోతాం. కలకత్తా పండితులు 'సరస్వతి' బిరుదిచ్చిన యువతి, 1882లో 'స్త్రీ ధర్మనీతి' రాసి ఆర్య మహిళా సమాజం పెట్టిన వితంతువు, 1887లో అగ్రకుల హిందూ స్త్రీ స్థితి మీద ఇంగ్లీషులో పుస్తకం రాసి అమెరికన్ స్త్రీలను కదిలించిన మనిషి, బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచిన టీచరు. ఈ రమాబాయి మనకు బాగా నచ్చుతుంది. ఆ తర్వాతి ముప్పై మూడేళ్లు ఉన్నాయే, పూనా దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ నడుపుతూ, ప్రార్థనలు చేస్తూ, బైబిలు అనువదిస్తూ గడిపిన కాలం, అక్కడికి వచ్చేసరికి మన కలం ఇబ్బంది పడుతుంది. మతంలోకి వెళ్లిపోయింది అని ఒక వాక్యం రాసి ముగించేస్తాం. ఉమా చక్రవర్తి, మీరా కోశాంబి వంటివాళ్లు ఈ ఖాళీని చాలావరకు పూరించారు. అయినా ఒకటి మిగిలిపోయిందనిపిస్తుంది నాకు. అది ఆమె సంతోషం. 1907లో రాసుకున్న సాక్ష్యానికి ఆమె పెట్టిన పేరులోనే తరగని నిధి అనే మాట ఉంది. తల్లినీ తండ్రినీ అక్కనీ అన్ననీ భర్తనీ ఇరవై నాలుగేళ్లు నిండకుండానే పోగొట్టుకున్న స్త్రీ తన దగ్గర తరగని నిధి ఉందని చెబుతుంటే, స్త్రీవాద పాఠకులుగా మనం ఏం చేయాలి?

బాధలోంచి ఆనందం అనే మాట వినగానే అనుమానపడటం మనకు అలవాటు. ఆ అనుమానానికి కారణాలున్నాయి. తాగి కొట్టే భర్తతో వేగుతున్న మా బంధువు ఒకామెకు చర్చి పెద్దలు చెప్పిన ఓదార్పు నేను చిన్నప్పుడే విన్నాను. ఓర్చుకో తల్లీ, ఈ శ్రమలన్నీ పైన కిరీటమవుతాయి అన్నారు. ఆమె ఓర్చుకుంది. కిరీటం సంగతి నాకు తెలియదు గానీ ఆమె ముందరి పళ్లు రెండూ పోయాయి. సహనాన్ని ఆడవాళ్లకే ప్రత్యేకంగా బోధించే మతాలలో క్రైస్తవం కూడా ఒకటి. అందుకే రమాబాయి సంతోషాన్ని కూడా ఆ ఖాతాలోనే వేసి పక్కన పెట్టడం తేలిక. కానీ ఆమె రాతలు అందుకు ఒప్పుకోవు.

1897 కరువు రోజుల్లో ఆమె తన పాత ఆకలి గురించి రాసింది. అందులో మన ప్రాంతమూ ఉంది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకు సంస్కృతం నేర్పినందుకు కులస్థుల విమర్శ ఎదుర్కొన్న మనిషి. ఆ తల్లి లక్ష్మీబాయే రమాబాయికి గురువు. కుటుంబమంతా పురాణాలు చెప్పుకుంటూ దేశమంతా తిరిగింది. 1874 నాటికి మద్రాసు రాజధానిలో కరువు. ఉన్న డబ్బంతా వ్రతాలకు, దానాలకు, బ్రాహ్మణ భోజనాలకు ఖర్చయింది. ఇత్తడి పాత్రలతో సహా అమ్ముకున్నారు. చివరకు తిరుపతి ప్రాంతపు అడవిలో పదకొండు రోజులు నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపళ్లతో గడిపారు. చూపు పోయిన తండ్రి పవిత్ర తీర్థంలో మునిగి ప్రాణం తీసుకుంటానన్నాడు. అన్న శ్రీనివాసుడు కూలి చేసైనా పోషిస్తానని ఆపాడు. శాస్త్రం చదువుకున్న ఇంట్లో పనికి పోవడం అనే ఆలోచన రావడానికి అంత ఆకలి కావలసి వచ్చింది. తండ్రి ఎంతోకాలం బతకలేదు. వెనకే తల్లి పోయింది. పాడె మోయడానికి నలుగురు దొరకలేదు. ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి వచ్చారు, మూడోవాడు అన్న, నాలుగో మనిషి రమాబాయి. పొట్టిగా ఉండేది కాబట్టి భుజానికి అందక తల్లి పాడెను తలమీద మోసింది. తర్వాత అక్క కూడా పోయింది.

ఈ కథనంలో ఆకలి ఎవర్నీ పునీతం చేయదు. తన జీవితాన్ని మొదటినుంచీ దేవుడే నడిపించాడని రమాబాయి నమ్మింది, ఆ మాట దాచలేదు. కానీ ఉపవాసం మంచిదనో, తల్లి చావు తనను తీర్చిదిద్దిందనో నేను చదివినంతలో ఎక్కడా అనలేదు. పైగా పుణ్యం కోసం చేసిన వ్రతాల లెక్కనూ, తిండిలేక చచ్చిపోయిన లెక్కనూ పక్కపక్కనే పెట్టింది. అంతకంటే పదునైన విమర్శ ఏముంటుంది?

ఆమెను క్రైస్తవం వైపు లాగినది కూడా బాధ గురించిన సిద్ధాంతం కాదు. 1883లో ఇంగ్లండు వెళ్లినప్పుడు లండన్‌లోని ఫుల్హామ్‌లో, 'పతిత'లని లోకం వెలివేసిన స్త్రీల మధ్య క్రైస్తవ సన్యాసినులు పనిచేయడం చూసింది. ఎందుకు చేస్తున్నారని అడిగితే సమరయ స్త్రీ కథ చెప్పారు. బావి దగ్గర ఒంటరిగా, అయిదుగురు భర్తల తర్వాత ఇంకొకడితో ఉంటున్న ఆడమనిషితో ఏసు కూర్చుని మాట్లాడిన కథ. అటువంటి స్త్రీకి శిక్ష కాక సంభాషణ దొరకడం తను చదివిన శాస్త్రాలలో ఆమెకు కనిపించలేదు. ఆ సెప్టెంబరులోనే కూతురు మనోరమతో కలిసి బాప్తిస్మం తీసుకుంది. మహారాష్ట్రలో పెద్ద గొడవ జరిగింది. ఆమెకు ఆ హక్కు ఉందని వాదించిన కొద్దిమందిలో జోతిరావు ఫూలే ఒకరు.

చర్చికి కూడా ఆమె తలవంచలేదన్నది గుర్తుపెట్టుకోవాలి. సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఎందుకు కాకూడదని సిస్టర్ జెరాల్డిన్‌తో తగాదా పడింది. ఒక పురోహితవర్గం కాడి దించుకుని ఇంకొకరి కాడి ఎత్తుకోనని ఉత్తరాలలో తెగేసి చెప్పింది. అప్పటికే వినికిడి తగ్గుతోంది. వైద్యం చదవాలన్న కోరిక దానివల్లే వదులుకోవలసి వచ్చింది. ఇంకో విషయం: బాప్తిస్మంతో సంతోషం వచ్చిందని కూడా ఆమె అనలేదు. మతం దొరికింది గానీ క్రీస్తు దొరకడానికి ఇంకా ఏళ్లు పట్టిందని తర్వాత రాసుకుంది.

తెలుగు క్రైస్తవులకు బాధ అంటే 'శ్రమ'. సిలువ బాధలు ఏసు శ్రమలు, ఈస్టరుకు ముందు నలభై రోజులు శ్రమకాలం. చర్చి గుమ్మం దాటితే అదే మాటకు కాయకష్టమని అర్థం. అనువాదకులు ఉద్దేశించి చేశారో లేదో గానీ ఈ రెండర్థాల మాట రమాబాయికి సరిగ్గా సరిపోతుంది. ఆమె దగ్గర మొదటి శ్రమ రెండో శ్రమగా మారింది. మా బంధువుకు దొరకనిది ఆ రెండోది.

1896లో మధ్యపరగణాలలో కరువు వచ్చిందని తెలిసి రమాబాయి వెళ్లింది. ఎముకల గూళ్లయిన ఆడపిల్లలను చూసినప్పుడు తన అడవి గుర్తొచ్చిందని రాసింది. కరువు పిల్లల చుట్టూ ఆడపిల్లల్ని ఎత్తుకుపోయి అమ్మేవాళ్లు తిరుగుతున్నారు. సుమారు 300 మందిని తీసుకొచ్చింది. 1900 గుజరాత్ కరువు తర్వాత ముక్తిలో ఉన్నవాళ్లు రెండు వేలకు దగ్గరయ్యారు. శారదా సదన్‌లో బ్రాహ్మణ వితంతువుల ఆచారానికి తగినట్టు వంట ఏర్పాటు ఉండేది. ముక్తిలో ఆ పప్పులు ఉడకలేదు. అన్ని కులాల పిల్లలూ కలిసి నేత నేశారు, నూనె తీశారు, పొలం దున్నారు, అచ్చు అక్షరాలు కూర్చారు. అంధ బాలికలు బ్రెయిలీ నేర్చుకున్నారు.

1905 జూన్‌లో ఈ పిల్లల మధ్యే ఉజ్జీవం మొదలైంది. అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థించడం, ఏడవడం, ఆ ఏడుపు నవ్వుగా మారడం, చప్పట్లు, గంతులు. చూడవచ్చిన తెల్లవాళ్లలో కొందరికి ఇది మర్యాదగా తోచలేదు. భారతీయ స్త్రీలు తమ స్వభావానికి తగ్గట్టుగానే దేవుణ్ణి కలుసుకుంటారు, పాశ్చాత్యుల పద్ధతి వాళ్లమీద రుద్దకండి అన్నది రమాబాయి సమాధానం. గొంతెత్తకూడదని పెంచిన పిల్లలు వందల సంఖ్యలో గొంతెత్తారు. బృందాలుగా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి బోధించారు. మూర్ఛా, పూనకమా, పరిశుద్ధాత్మా అన్న చర్చ మతశాస్త్రజ్ఞులకు వదిలేద్దాం. కడుపునిండా తిన్న తర్వాతే ఈ సంతోషం వచ్చిందన్నది నాకు ముఖ్యం.

ముక్తిలో అన్నీ సవ్యంగా ఉన్నాయని నేననడం లేదు. కట్టుదిట్టమైన క్రమశిక్షణ, విదేశీ విరాళాలు, పాత నమ్మకాల మీద ఆమె చూపిన కాఠిన్యం, ఇవన్నీ విమర్శించదగ్గవే. ఆమె సంతోషాన్ని ఒప్పుకోవడానికి ఆమె వేదాంతాన్ని ఒప్పుకోనక్కర్లేదు.

చివరి ఏళ్లు ఒక్క పనికి ఇచ్చింది. పండితుల మరాఠీ పల్లెటూరి స్త్రీకి అర్థం కాదని హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మామూలు మాటల్లోకి తిరగరాయడం మొదలుపెట్టింది. 1921లో మనోరమ చనిపోయింది. సంస్థను ఆమె చేతుల్లో పెట్టాలనుకున్న తల్లికి అది ఎటువంటి దెబ్బో వేరే చెప్పక్కర్లేదు. రమాబాయి మళ్లీ ప్రూఫుల దగ్గర కూర్చుంది. 1922 ఏప్రిల్ 5న పోయేనాటికి అనువాదం పూర్తయింది. 1924లో మొత్తం బైబిలు అచ్చయింది. ఆ ముద్రణ పని చేసింది ముక్తి ఆడవాళ్లే.