మన పఠనాభిరుచి ఏ దారిన వచ్చింది?

మన సంఘ భవనంలోని పుస్తకాల బీరువాల విషయమై మొన్నటి కార్యవర్గ సమావేశంలో జరిగిన చర్చ సభ్యులకు తెలిసిందే. సభ్యులూ, వారి కుటుంబాలవారూ విరాళంగా ఇచ్చిన పుస్తకాలను రెండు కుప్పలు చేశారు. ఒకటి ఉంచదగినవి, రెండవది కాలక్షేపానివి. రెండవ కుప్పను తూకానికి వేసి, ఆ సొమ్ముకు మరికొంత కలిపి రెండు ఫ్యాన్లు కొందామని ప్రతిపాదన. నేను ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. జీవితమంతా ఫైళ్ళ మధ్య కూర్చున్న గుమస్తాకు సభలో అప్పటికప్పుడు నోరు పెగలదు. నోట్ పెట్టమంటే మాత్రం పెట్టగలడు. ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు కనుక దీనిని ఆ నోట్‌గానే భావించవలసిందిగా మనవి.

ఆనాటి చర్చలో ఒక మిత్రులు, "అభిరుచి ఉన్నవాడు మంచి పుస్తకం వెదుక్కుంటాడండీ, లేనివాడు దొరికింది చదువుతాడు" అన్నారు. నాకు తెలిసినంతలో అందరమూ దొరికిందే చదివాం. దొరికినవాటిలో ఒకటి మనసుకు పట్టుకుంటే దానికి తరువాత అభిరుచి అని పేరు పెట్టుకున్నాం. డిటెక్టివ్ నవల అభిమాని అయినా, చారిత్రక నవల అభిమాని అయినా, ఆ కోవ పుస్తకం మొదట ఎవరి చేతి మీదుగా వచ్చిందో గుర్తు చేసుకుంటే ఈ సంగతి తెలుస్తుంది. తెలుగు చదువరుల చరిత్ర కూడా చాలావరకు ఇలాగే నడిచింది.

నవల అనేదే మనవాళ్ళకు పత్రిక ద్వారా అలవాటయింది. 1872లోనే నరహరి గోపాలకృష్ణమ సెట్టి గారి శ్రీరంగరాజ చరిత్ర వచ్చినా, చదువరులలో ప్రచారం పొందింది కందుకూరి వీరేశలింగం పంతులు గారి రాజశేఖర చరిత్రము. అది 1878లో వివేకవర్ధనిలో భాగాలుగా మొదలై 1880లో పుస్తకమైంది. ఆ పత్రికకు చందా కట్టినవారు మాకు నవల కావాలి అని అడిగి ఉండరు. సంఘ సంస్కరణ కోసం తెప్పించుకున్న పత్రికలో ఒక కుటుంబం కథ వచ్చింది. తరువాయి భాగం కోసం ఎదురుచూడటం వచ్చింది.

1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు కలిసి హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. 1907లో వారి మొదటి పుస్తకం, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు వ్రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర, వెలువడింది. ఆ తరువాత చరిత్ర, శాస్త్ర విషయాల గ్రంథాలు వచ్చాయి. చారిత్రక నవలలకు పోటీలు పెట్టి బహుమతులు కూడా ఇచ్చారు. 1910లో చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం ఈ మండలి ప్రచురణే. నవల కోసం చేరినవాడి ఇంట్లోకి చరిత్ర వచ్చింది, చరిత్ర కోసం చేరినవాడి ఇంట్లోకి నవల వచ్చింది.

గ్రంథాలయోద్యమం గురించి మన సంచికలోనే లోగడ ఒకరిద్దరు వ్రాశారు కనుక నేను విస్తరించను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారి కృషితో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథ భాండాగారుల తొలి మహాసభ అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచింది పడవ సంగతి. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. మా నాన్నగారు కుర్రతనంలో ఆ పడవను ఎరిగినవారు. ఏం చదివేవారని అడిగితే, "పెట్టెలో పైన ఏది ఉంటే అది. పడవవాడు ఆగేది కాసేపేగా" అనేవారు. అలా పైన ఉన్నది ఒకసారి శరత్ నవల అయింది. అంతే, ఆయన జీవితాంతం శరత్ భక్తులు.

శరత్ తెలుగులోకి వచ్చిన దారి మరీ విచిత్రం. తెనాలి చక్రపాణి గారు క్షయ చికిత్సకు మదనపల్లి శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకున్నారు. ఆ తరువాత శరత్ నవలలను తెలుగు చేశారు. ఆయనకు ఆ జబ్బు చేయకపోతే మన ఇళ్ళలో ఇన్ని కన్నీళ్ళు కారేవి కావేమో! 1953లో దేవదాసు సినిమా వచ్చాక ఆ పుస్తకం చదవనివారు కూడా శరత్‌ను మనవాడే అనుకోసాగారు.

నిజాం రాష్ట్రంలో పుస్తకం మీద, సభ మీద నిఘా ఉన్న రోజుల్లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. అక్కడి పాతతరం మిత్రులకు రాజకీయ వ్యాసాల మీద, జీవిత చరిత్రల మీద ఉన్న మక్కువ చూసినప్పుడల్లా నాకు ఆ సంచి గుర్తుకు వస్తుంది.

ఇదే కాలంలో పెద్దలు ముక్కు చిట్లించే దారి ఇంకొకటి ఉంది. అది రైలు దారి. కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు 1000 నవలలు వ్రాశారని ప్రసిద్ధి. చిన్న పుస్తకం, తక్కువ వెల, తేలిక మాటలు. ఒక స్టేషనులో ఎక్కేటప్పుడు కొని, దిగేలోగా ముగించవచ్చు. వీటికి రైల్వే నవలలని వెక్కిరింపు పేరు. కానీ పెద్దబాలశిక్షతో చదువు ఆగిన ఎందరో ఆడవారు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవగలమని తెలుసుకున్నది వీటివల్లనే. మా మేనత్త వారిలో ఒకరు. ఆవిడ తరువాత భాగవతం కూడా పూర్తి చేశారు.

ఇక నా సంగతి. మా తరం అందరిలాగే నాకూ మొదట చందమామ. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద సీరియళ్ళు వచ్చేవి. వాటి మీద రచయిత పేరు వేసేవారు కాదు. చిత్రా గారి బొమ్మల్లోని రాక్షసులు, గండభేరుండాలు మాత్రమే మాకు గుర్తు. వ్రాసినదెవరో పెద్దయ్యాక తెలిసింది. నెలకొకసారి వచ్చే ఆ సస్పెన్సు చాలక, 1963 ప్రాంతంలో నేను తెనాలిలో ఒక అద్దె పుస్తకాల షాపు గడప ఎక్కాను.

షాపు అంటే సోడా కొట్టు పక్కన నాలుగడుగుల బడ్డీ. అట్ట చిరిగిన పుస్తకాలకు గోధుమరంగు కాగితం అతికించి, వెన్ను మీద సిరాతో పేరు వ్రాసి, దబ్బనంతో కుట్టి ఉంచేవాడు. రోజుకు 5 పైసలు అద్దె. ఇక్కడొక విషయం గమనించాలి. ఆ షాపులో అపరాధ పరిశోధన నవల, సాంఘిక నవల, చారిత్రక నవల అనే విభాగాలు లేవు. అడిగేవాడికీ ఆ మాటలు తెలియవు. "యుగంధర్ ఉందా?" అంటే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవల అని అర్థం. తరువాత రోజుల్లో "షాడో" అంటే మధుబాబు గారిది. "సెక్రటరీ లాంటిది ఇవ్వు" అంటే చాలు, షాపువాడు యద్దనపూడి వరుసలోకి చెయ్యి పెట్టేవాడు. పండితులు పేర్లు పెట్టిన కోవలన్నిటినీ చదువరులు ఇలా ఒక మనిషి పేరుతో, ఒక పాత్ర పేరుతో గుర్తుపట్టారు.

నేను యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు చేసిన పరిశోధనలన్నీ ఎనిమిది నెలల్లో ముగించాను. లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేవాణ్ణి. మా నాన్నగారు చూసి కొట్టలేదు గాని, వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఒకనాడు షాపువాడు, "బాబూ, యుగంధర్ అయిపోయాయి. ఇది తీసుకుపో, ఇందులోనూ దొంగ ఉన్నాడు" అని ఒక లావు పుస్తకం ఇచ్చాడు. అది అడివి బాపిరాజు గారి గోన గన్నారెడ్డి. గజదొంగ అన్న పేరున్న వీరుడు, వెనుక కాకతీయ సామ్రాజ్యం, రుద్రమదేవి. దొంగ కోసం మొదలుపెట్టి ఓరుగల్లు కోటలో తేలాను. ఆ తరువాత హిమబిందు. తరువాత నోరి నరసింహశాస్త్రి గారివి. ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన అనే అనుమానం వచ్చి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి చిలుకూరి వీరభద్రరావు గారిని, మల్లంపల్లి సోమశేఖర శర్మ గారిని అడిగాను. (గ్రంథాలయ పన్ను కట్టి, లోపల అడుగు పెట్టనివారు మనలో చాలామంది ఉన్నారు. ఇది పక్క మాట.) ఈనాడు సంఘంలో నన్ను 'చరిత్ర మాస్టారు' అని హాస్యమాడతారు కదా, ఆ చరిత్రకు మూలం ఆ 5 పైసల బడ్డీ. మొన్న మా మనవడికి ఈ కథ చెబితే, "గోన గన్నారెడ్డి అంటే అల్లు అర్జున్ వేసిన పాత్రే కదా తాతగారూ" అన్నాడు. 2015 నాటి రుద్రమదేవి సినిమా వాడి దారి.

ఆడవారి దారి వేరు. అద్దె షాపు ముందు నిలబడటం వారికి కుదిరేది కాదు. వారపత్రిక ఒక ఇంటికి వస్తే వీధి అంతా తిరిగేది. యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ దశకంలోనూ, తరువాతి దశకంలోనూ రంగనాయకమ్మ, వాసిరెడ్డి సీతాదేవి, మాదిరెడ్డి సులోచన గార్ల వంటి రచయిత్రులు తెలుగు నవలను ఏలారు. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఒక భాగం. మధ్యాహ్నం నలుగురు కూర్చుని, వచ్చే వారం ఏమవుతుందోనని వాదన. ఒక ఇంటి కష్టాన్ని ఇంకొకరు కథగా వ్రాస్తే చదవాలనిపించటం ఒక అభిరుచి అయితే, అది ఆ మధ్యాహ్నాలలో పుట్టింది.

నాకు 1974లో వివాహమైంది. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో చీరల కింద ఏడు సంపుటాలు ఉన్నాయి. వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు కోసి, వరుస తప్పకుండా పేర్చి, కాలికో బైండు చేయించినవి. దొరకని భాగాల చోట తెల్లకాగితం పెట్టి, పొరుగింటివారు చెప్పిన కథ సంగ్రహంగా తన చేతివ్రాతతో వ్రాసుకున్నారు. నేను వాటిని ఎన్నడూ తెరిచి చూడలేదు. చారిత్రక గ్రంథాలు చదివేవాడినని నాకు గర్వం. ఆ గర్వంతోనే 1986లో బదిలీ అయినప్పుడు, లారీలో బరువు తగ్గుతుందని, ఆ ఏడు సంపుటాలనూ పాతపేపర్ల వాడికి తూకం వేశాను. నా ఆంధ్రుల చరిత్రము మాత్రం భద్రంగా అట్టపెట్టెలో సర్దాను. ఆవిడ చూసి ఒక్క మాట అనలేదు. కొత్త ఊరిలో సుమారు ఏడాదిపాటు పత్రిక ముట్టుకోలేదు.

ఆ రోజుల్లోనే మా ఆఫీసులో ఆంధ్రభూమి వారపత్రిక ఫైలు కంటే వేగంగా ఒక టేబులు మీద నుంచి ఇంకో టేబులు మీదకు కదిలేది. యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళంతో మొదలైన ఊపు అది. చేతబడి కథలా అని కోప్పడినవారూ ఆ వారం భాగం చదివాకే కోప్పడ్డారు. ఇంకోవైపు ఎమెస్కో వారి ఇంటింటా సొంత గ్రంథాలయం, విశాలాంధ్ర వారి వ్యానులో చౌకగా దొరికే సోవియట్ పుస్తకాలు. 1991 తరువాత ఆ పుస్తకాలు రావటం ఆగిపోయింది. టీవీ ఇంటింటికీ వచ్చాక అద్దె షాపులూ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చందమామ కూడా పోయింది.

మూడేళ్ళ కిందట మా ఆవిడకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. చూపు బాగా వచ్చాక మొదట అడిగింది, ఆ ఏడు సంపుటాలలో ఒకదాని పేరు. "అది పుస్తకంగా రాలేదండీ, అందుకే బైండు చేయించాను" అన్నారు. కోఠీ ఫుట్‌పాత్‌ల మీద, విజయవాడ పాత పుస్తకాల దుకాణాలలో వెదికాను. దొరకలేదు.

ఇప్పుడు మన రెండవ కుప్ప సంగతి. సమావేశం ముగిశాక నేను కాసేపు ఉండి దానిని తిరగవేశాను. కొమ్మూరి వారి పుస్తకాలు పదకొండు, అట్టలు లేని షాడోలు చాలా, అడుగున కాలికో బైండు సంపుటాలు మూడు ఉన్నాయి. ఒకదాని లోపలి అట్ట మీద పెన్సిలుతో '14, 15 భాగాలు లేవు, అడగాలి' అని ఉంది. దివంగతులైన మన సభ్యులొకరి సతీమణి చేతివ్రాత అది. వీటిని తూకం వేస్తే ఎంత వస్తుందో కోశాధికారి గారు లెక్క కడితే, ఆ సొమ్ము నేను జమ చేస్తాను. ఫ్యాన్లు కొనవచ్చు. బదులుగా కిటికీ పక్క బీరువాలో కింది రెండు అరలు ఈ పుస్తకాలకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. తాళం వేయకుండా ఉంచితే మరీ మంచిది. పెన్షన్ కాగితాల కోసం తాతగారి వెంట వచ్చే పిల్లలు ఊరికే కూర్చుంటున్నారు.

ఆ మూడింటిలో ఒక సంపుటాన్ని రిజిస్టరులో సంతకం పెట్టి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ అడిగిన సీరియల్ కాదది, వేరే. అయినా నిన్న రాత్రికి 9వ భాగం దాకా వచ్చారు. 14, 15 భాగాల కథ ఎవరికైనా జ్ఞాపకం ఉంటే చెప్పగలందులకు మనవి. సీరియల్ పేరు రిజిస్టరులో వ్రాసి ఉంచాను.